అయిదు వేలకు ఒక్క మోకాలు తక్కువ

మా బావ ముప్పై ఒక్కేళ్ళు క్రికెట్ మైదానాలు పట్టుకు తిరిగాడు గాని ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. వెటకారానికి అనడం లేదు, ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్న మాట ఇది. స్కోరరు పని అలాంటిది. బంతి పడ్డాక జనమంతా బంతి వెంట చూస్తారు. స్కోరరు అంపైరు చేతుల వంక చూడాలి. చేతులు రెండు పక్కలకూ చాపితే వైడు, రెండూ నెత్తిమీదికెత్తితే ఆరు పరుగులు, మోకాలు ఎత్తి దాన్ని అరచేత్తో తాకితే లెగ్ బై. ఏ సైగా చెయ్యకపోతే ఆ పరుగు బ్యాటుది. సైగ అందినట్టు తెలియడానికి స్కోరరు కిటికీలోంచి చెయ్యెత్తాలి, ఆ తరవాత తల వంచుకుని రాయాలి. తలెత్తేసరికి ఇంకో బంతి. వన్డే మ్యాచ్ పూర్తిగా జరిగితే ఆరువందలసార్లు తలెత్తి దించాలి. ఇవాళ ఎవరెలా ఆడారు బావా అని అడిగితే, "ఎనభై రెండు, తొంభై ఒక్క బంతుల్లో" అనేవాడు. ఎన్ని కొట్టాడని కాదు, ఎలా ఆడాడని అడుగుతున్నానంటే, "నాకేం తెలుసు, నేను చూళ్ళేదుగా" అనేవాడు. కళ్ళు మూతలు పడుతున్నా అబద్ధం మాత్రం ఆడేవాడు కాదు.

నాది అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని. క్రికెట్టంటే నాకు పడదు. ఇద్దర్ని పదకొండుమంది చుట్టుముట్టి, ఏడు గంటలు ఎండలో నిలబడి, మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తాగే ఆటలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. ఇది రాస్తున్నది ఆట కోసం కాదు, మా అక్క పోరు పడలేక. ఊళ్ళోవాళ్ళందరి తప్పులూ దిద్దుతావు గదా, మీ బావ గురించి నాలుగు ముక్కలు రాయలేవా అని రెండు నెలలుగా నా ప్రాణం తోడేస్తోంది. బావకు తెలిస్తే అంకెలన్నీ సరిచూసిగాని ఒప్పుకోడు. అందుకని ఆయనకు చెప్పకుండా రాస్తున్నాను.

బావ అసలు ఉద్యోగం తూనికలు కొలతల కార్యాలయంలో. దుకాణాల్లో వాడే తూకపు రాళ్ళు ఏడాదికోసారి ఆ ఆఫీసుకు రావాలి. ఇనప రాయి అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో సీసం పోసి ఉంటుంది. రాయి అరిగితే సీసం కలపాలి, బరువెక్కితే గీకాలి, సరిపోయాక ఆ సీసం మీదే ముద్ర కొట్టాలి. బావ బల్ల మీద గాజుపెట్టెలో ఒక త్రాసు ఉండేది. దాని ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఊపిరి తగిలినా ముల్లు కదులుతుందని ఆయన భయం. వెంట్రుకవాసి తేడా ఉన్నా ముద్ర వేసేవాడు కాదు. ఈయన చుక్కలు చూపిస్తాడని దుకాణాలవాళ్ళు గొణుక్కునేవారు. అటు మైదానంలోనూ ఆయన పని చుక్కలు పెట్టడమే, పరుగు రాని ప్రతి బంతికీ పుస్తకంలో ఒక చుక్క పెట్టాలి. అలా ఆయనకు రెండుచోట్లా చుక్కల మాస్టారనే పేరే స్థిరపడింది. జీవితంలో ఎవరికీ పాఠం చెప్పలేదు, అయినా మాస్టారే.

స్కోరర్ల గది బౌలరు వెనక నిలబెట్టే పెద్ద తెర, సైట్ స్క్రీన్ పక్కన, మెట్ల కింద ఉండేది. నేనొకసారి అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్ళి చూశాను. ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరుగుతూ కిర్రుమనే ఫ్యాను, గోడకు గడియారం. మన జట్టు స్కోరరు ఒకరు, అవతలి జట్టు స్కోరరు ఒకరు, పక్కపక్కనే కూర్చుని ఓవరు ఓవరుకూ ఒకరి పుస్తకం ఒకరు సరిచూసుకోవాలి. బావ ముందు నాలుగు రంగుల పెన్సిళ్ళు, ఒక్కో బౌలరుకు ఒక్కో రంగు. రబ్బరు మాత్రం ఉండేది కాదు. తప్పు రాస్తే అడ్డంగా గీత కొట్టి పక్కన సరైంది రాయాలి తప్ప చెరపకూడదనేవాడు. పుస్తకం అంచులో సన్నటి అక్షరాలతో ఏవేవో రాసేవాడు: కుక్క మైదానంలోకి వచ్చింది, మూడు నిమిషాలు, ఎండ కళ్ళలో పడింది, బౌలరు ఆగాడు. ఇవన్నీ ఎవరిక్కావాలి అని అడిగితే, జరిగింది గదా అన్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే నడుం పట్టేసి, మెడ తిరగక, ఒంట్లో ఓపికన్నది మిగిలేది కాదు. అక్క వేడినీళ్ళ సంచీ మెడకు పెట్టి, ఎందుకొచ్చిన తిప్పలండీ, సెలవు రోజున కూడా సెలవు లేదా అని సణిగేది. ఆయన వింటూనే కుర్చీలో నిద్రపోయేవాడు. నిద్రలో కూడా కుడిచెయ్యి ఒక్కోసారి గాల్లోకి లేచేది. మొదట్లో అక్క భయపడింది, తరవాత అలవాటైపోయి దుప్పటి కప్పేటప్పుడు ఆ చేతిని కూడా కిందికి దించి కప్పేది.

ఇక అసలు కథలోకి వస్తాను. వన్డేల్లో పరుగులకు మైలురాళ్ళుంటాయి. మా అచ్చాఫీసు పద్ధతిలో చెప్పాలంటే, ఒకడు మొత్తంమీద వెయ్యి పరుగులు దాటితే రెండు వాక్యాలు, మూడు వేలు దాటితే ఫొటో, అయిదు వేలు దాటితే చుట్టూ గీత గీసిన పెట్టెలో వార్త. పది వేలు దాటినవాడికి మొదటి పేజీ. ఎవరైనా మైలురాయికి దగ్గర పడితే పక్కగదిలో మైకు పట్టుకునే అనౌన్సరు బావను అడిగేవాడు, ఇంకెన్ని కావాలని. బావ చీటీ మీద అంకె వేసి, రెండు గదుల మధ్య చెక్కలో ఉన్న కంతలోంచి అందించేవాడు.

మా ఊరి బ్యాట్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. గొప్పవాడని అనలేను, పనికిరానివాడని అంతకంటే అనలేను. అయిదో నంబర్లో వచ్చి, పైవాళ్ళు పాడుచేసింది బాగుచేసి వెళ్ళేవాడు. ఆయన పంతొమ్మిదేళ్ళ కిందట మా ఊరి మైదానంలోనే వన్డే ఆడాడు. అప్పటికి ఆయనవి నాలుగు వేల తొమ్మిదివందల అరవై మూడు పరుగులు. ఆ రోజు ముప్పై ఆరు కొట్టాడు. బావ చీటీ మీద "ఇంకొక్కటి" అని రాసి కంతలోంచి ఇచ్చాడు. మైదానమంతా లేచి నిలబడింది. మన జట్టు గెలవడానికి రెండు పరుగులు కావాలి, అవతలి వైపు కుర్రబ్యాట్స్‌మన్ ఆడుతున్నాడు. ఒక్క పరుగు తీసి ఇటు వస్తే సరిపోయేది. ఆ కుర్రాడు ఊపులో బంతిని బౌండరీకి కొట్టేశాడు. మ్యాచ్ గెలిచేశాం. గెలిచిన మ్యాచ్‌కి జనం ఉసూరుమనడం ఆ ఒక్కసారే విన్నానని అనౌన్సరు చెప్పేవాడు. మా ఊరి బ్యాట్స్‌మన్ ఇవతలి కొసన బ్యాటు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడట. "అట" అంటున్నాను, ఎందుకంటే బావ చూడలేదు. మొత్తాలు కూడుకుంటున్నాడు.

ఆ తరవాత ఆయన్ని జట్టులోకి తీసుకోలేదు. వయసయిందన్నారు. లెక్క నాలుగు వేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. అప్పట్నుంచి ఊళ్ళో ఆయనకు "ఒకటితక్కువ" అన్నదే పేరు. చిల్లర తక్కువైనా, బస్సులో సీటు ఒక్కటి తక్కువైనా ఆయన పేరే చెప్పి నవ్వుకునేవాళ్ళు. ఆ మాట వినపడితే బావ అక్కడ నిలబడేవాడు కాదు. ఆయన తప్పేముంది, చీటీ అందించిన చెయ్యి తనదని కాస్త బాధ, అంతే అనుకునేవాణ్ణి.

పోయిన ఏడాది, బావతో పాతికేళ్ళు కలిసి పనిచేసిన అంపైరుకు మోకాలు మార్చే ఆపరేషన్ అయింది. చూడ్డానికి నన్ను కూడా లాక్కెళ్ళాడు. ఆస్పత్రిలో మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. అంపైరు భారీ మనిషి, కాలికి కట్టుతో దిండు మీద ఆనుకుని బత్తాయి తొనలు తింటున్నాడు. పాత మోకాలిని తిట్టడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా దానితో నరకం చూశాడట. మొదలైంది ఫలానా మ్యాచ్‌లో, మా ఊళ్ళోనే, భోజనానికి ముందు గుంటలో కాలు పడి మెలిక తిరిగిందట. ఆ రోజంతా నొప్పితోనే నిలబడి, ఒకసారి ఆగలేక కాలు కాస్త ఎత్తి రుద్దుకున్నాడట.

"అందరూ ఆట చూస్తున్నారు, నా సంగతి పట్టించుకున్నది నువ్వొక్కడివే," అన్నాడు బావతో. "నేను మోకాలు రుద్దుకుంటుంటే ఎలా ఉందన్నట్టు కిటికీలోంచి చెయ్యూపావు. నేనూ ఊపాను. గుర్తుందా?"

బావ చేతిలో ఉన్న బత్తాయి తొన అలాగే ఉండిపోయింది. ఎప్పుడు, ఎన్నో ఓవర్లో అని అడిగాడు. అంపైరుకు అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి. మా ఊరివాడు బ్యాటింగు చేస్తున్నాడనీ, సన్నగా తాకించి ఒక్క పరుగు తీశాడనీ, బాగా తాకించావని తను అన్నాననీ మాత్రం చెప్పాడు. బావ తొన పక్కన పెట్టి లేచాడు.

ఇంటికొచ్చి అటక ఎక్కాడు. అరవై మూడేళ్ళ మనిషి, నడుం పట్టీ పెట్టుకున్న మనిషి, నిచ్చెన వేసుకుని పాత స్కోరు పుస్తకాల నకళ్ళన్నీ దించాడు. అక్క నిచ్చెన పట్టుకుని చివాట్లు పెడుతూనే ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు దొరికింది. ముప్పై నాలుగో ఓవర్, నాలుగో బంతి: లెగ్ బై ఒకటి. అంచులో ఆ సన్నటి అక్షరాలు: "అంపైరు చెయ్యి తిరిగి ఊపాడు. ఎందుకో తెలియలేదు."

లెగ్ బై అంటే బంతి బ్యాటుకు తగలకుండా ఒంటికి తగిలినప్పుడు తీసిన పరుగు. జట్టుకు దక్కుతుంది గాని బ్యాట్స్‌మన్ పేరు మీద పడదు. అంపైరు మోకాలు రుద్దుకున్నాడు. బావ లెగ్ బై అనుకున్నాడు. అవతలి స్కోరరు అప్పుడు పెన్సిలు చెక్కుకుంటున్నాడు, బావ లెగ్ బై అంటే అదే రాశాడు, బావ మాటంటే ఆయనకు అంత గురి. బ్యాటు పరుగు ఒకటి మోకాలి కింద పోయింది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటారు చూడండి, నా ఎరుకలో దాన్ని నిజంగా చేసింది మా బావ ఒక్కడే.

"అయిదు వేలు," అన్నాడు బావ, పుస్తకం మూసి. "ఆయన అయిదు వేలు కొట్టాడు. నేను ఒకటి గీకేశాను."

అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి కాబట్టి నాకు కోపం వచ్చింది. రోజుకు వంద తప్పులు నా కళ్ళు కప్పి పోతాయి, నేను అన్నం మానేస్తానా? ఇరవై రెండేళ్ళనాటి ఒక్క పరుగుకు ఎవరు ఏడుస్తున్నారని గట్టిగానే అడిగాను. ఆయన ఏడుస్తూనే ఉండి ఉంటాడన్నాడు బావ. ఆ తరవాత రెండు నెలలపాటు బావ మనిషిలా లేడు. పేపరు తెరిచి అలాగే కూర్చునేవాడు. కూరగాయల దుకాణంలో త్రాసు ముల్లు చూసి తల తిప్పుకునేవాడు. క్లబ్బు మ్యాచ్‌లకు రాయమని పిలిస్తే ఒంట్లో బాగాలేదన్నాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఆయన చెప్పిన మొదటి సాకు అదే. అక్క నన్ను పక్కకు పిలిచి, ఏదో ఒకటి చెయ్యరా, ఈయన ఇలా అయిపోతే నేను చూడలేనంది.

ఆయన చేసిందేమిటంటే, క్రికెట్ సంఘానికి ఉత్తరం రాశాడు. నేను దిద్దాను. దిద్దడానికేమీ లేదు, ఒక్క కామా తప్ప. కాళ్ళకు బలపం కట్టుకుని సంఘం ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాం. ప్రతిసారీ వేరే బల్ల, వేరే మనిషి, అదే పాత బీరువా. చివరికి ఒకావిడ ఓపిగ్గా విని చెప్పింది. మూసిన పుస్తకం తెరవాలంటే ఇద్దరు స్కోరర్లూ ఒప్పుకోవాలి, అవతలి స్కోరరు పోయాడు గనక ఆ రోజు అంపైరు సంతకం కావాలి, పైగా ఆ బ్యాట్స్‌మనే స్వయంగా కోరాలి. కోరితే పెద్దలు ఆలోచిస్తారట.

అంపైరు మొదట ససేమిరా అన్నాడు. అంతర్జాతీయ మ్యాచ్‌లో మోకాలు రుద్దుకున్నానని సంతకం పెట్టమంటావా, నా పరువేం కావాలని ఒంటికాలి మీద లేచాడు. రెండో కాలికి అప్పటికింకా ఫిజియోథెరపీ నడుస్తోంది. బావ ఏమీ అనకుండా మంచం పక్కన కూర్చున్నాడు. గంటసేపు అలాగే కూర్చున్నాడు. అంపైరుకు విసుగొచ్చి కళ్ళజోడు అడిగి సంతకం గిలికేశాడు.

ఇక మిగిలింది ఒకటితక్కువ. ఆయన మార్కెట్ వెనక సందులో బ్యాట్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని తెలిసి, ఒక ఉదయం ఇద్దరం వెళ్ళాం. ఇరుకు కొట్టు, గోడ పొడుగునా పిడులు లేని బ్యాట్లు, కింద రంపపు పొట్టు, ఒక మూల జిగురు డబ్బా. యాభై అయిదేళ్ళ మనిషి, నెరిసిన గడ్డం, ముక్కాలి పీట మీద కూర్చుని కొత్త బ్యాటు ముఖాన్ని చెక్కసుత్తితో నెమ్మదిగా కొడుతున్నాడు. కొత్త బ్యాటును అలా వేలసార్లు కొడితేగాని బంతికి పగలకుండా నిలవదట. బావ సంచిలో కవరు ఉంది. ఎలా మొదలెట్టాలో తెలియక గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాడు. నేనే అందుకుని, వీరు చుక్కల మాస్టారు, మైదానంలో స్కోరు రాసేవారు అని చెప్పాను.

ఆయన గబుక్కున లేచాడు. సుత్తి పక్కన పెట్టి, కుర్చీ మీది పొట్టు తన చొక్కాతో తుడిచి బావను కూర్చోబెట్టాడు. నన్ను పట్టించుకోలేదు. నేను నిలబడే ఉన్నాను.

"మిమ్మల్ని ఎప్పుడో వచ్చి కలవాల్సింది మాస్టారూ. సిగ్గేసి రాలేదు," అన్నాడు. "నా వల్ల ఒక తప్పు జరగబోయింది. మీరే ఆపారు."

బావ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. ఆయన చెప్పుకుపోయాడు. ఇరవై రెండేళ్ళ కిందటి మ్యాచ్. బంతి కాలి ప్యాడుకు తగిలి పక్కకు పోయింది, బ్యాటును ముట్టుకోనేలేదు. ప్యాడు దాటి ఎముక దాకా దెబ్బ తెలిసింది. పరుగు తీసి అవతలికి వెళ్తే, అంపైరు బాగా తాకించావన్నాడు. ఆయన బ్యాటే అనుకున్నాడని అర్థమైంది. తగల్లేదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ ఏడు జట్టులో ఉంటానో ఊడతానో తెలియని రోజులు, ఒక్క పరుగైనా పరుగేనని అనిపించింది. వెనక్కి తిరిగి, ప్యాడు బిగించుకుంటున్నట్టు నటించాడు. ఇన్నింగ్స్ అయ్యాక బోర్డు మీద చూస్తే ఆ పరుగు తన పేరు మీద లేదు.

"అంపైరు చూడలేదు. కీపరు చూడలేదు. అంత దూరం నుంచి మీరు చూశారు," అన్నాడు. "ఆ రోజు మీ గది వైపు తలెత్తి చూడలేకపోయాను. తరవాత ఒకటి తక్కువతో ఆగిపోయినప్పుడు ఊరంతా నా కోసం ఏడ్చారు గాని నేను ఏడవలేదు మాస్టారూ. లెక్క సరైందని నాకు తెలుసు. ఇక్కడికి బ్యాట్లు తెచ్చే పిల్లలందరికీ చెప్తాను, ఎవరూ చూడట్లేదనుకోవద్దురా, గదిలో ఒకాయన చూస్తుంటాడని."

నాకు అప్పుడు తల దిమ్మెక్కింది. అంటే అంపైరు పొరబడ్డాడు, బావ పొరబడ్డాడు, రెండు పొరపాట్లూ కలిసి పుస్తకంలో నిజమే పడింది. ఇంకేం కావాలి? ఆ మనిషి మనసు కుదుటపడే ఉంది, బావకు మర్యాద దక్కింది, కవరు సంచిలోనే ఉంది. లే పోదాం అని బావ భుజం గిల్లాను. బావ నా వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టే చూపు.

"నేను చూళ్ళేదు," అన్నాడు బావ.

కవరు తీసి ఆయన చేతిలో పెట్టాడు. అంపైరు మోకాలి సంగతి, తను చెయ్యెత్తిన సంగతి, ఆయన తిరిగి ఊపిన సంగతి, అన్నీ అదే వరసలో చెప్పాడు. స్కోరరు బంతిని చూడడనీ, తను ఆ రోజు కూడా చూడలేదనీ చెప్పాడు. ఆటలో అంపైరు నిర్ణయమే నిర్ణయం గనక, ప్యాడుకు తగిలినా సరే, నియమం ప్రకారం ఆ పరుగు మీదేననీ, సంతకం పెడితే అయిదు వేలవుతుందనీ కూడా చెప్పాడు. అలసిపోయిన మనిషి మూట దించుతున్నట్టు ఒక్కొక్కటే దించాడు.

ఆయన కవరు తెరవలేదు. కొట్టు ముందు నుంచి ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"అయితే ఎవరూ చూళ్ళేదన్నమాట," అన్నాడు.

కవరు బావకు తిరిగి ఇచ్చేశాడు. "బంతి ప్యాడుకే తగిలింది మాస్టారూ. ఉన్నది అలాగే ఉండనివ్వండి." పీట మీద కూర్చుని సుత్తి అందుకున్నాడు, కొట్టలేదు. "మీరు చెప్పకుండా వెళ్ళిపోయుంటే బాగుండేది," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేదేమో.

బస్సులో బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఉడికిపోతున్నాను. నిజం చెప్పి నువ్వు బావుకున్నదేమిటి, ఆయన్ని పాడు చేశావు, నువ్వూ పాడయ్యావు, ఎవరికి లాభమని దులిపేశాను. మూడు స్టాపులు పోయాక జవాబిచ్చాడు.

"నేను చూశానని ఆయన పిల్లలకు చెప్తున్నాడురా. ముద్ర నాది. సీసం లోపల బోలుగా ఉందని నాకు తెలిసి ఎలా వదిలెయ్యను?"

ఇంటికెళ్ళాక పుస్తకం తీసి, పాత అంచురాత కింద కొత్తగా రాశాడు: "ప్యాడుకే తగిలింది, బ్యాట్స్‌మన్ చెప్పాడు. రాసింది సరే. రాసినవాడు చూడలేదు." తేదీ వేసి సంతకం పెట్టాడు. పుస్తకాలన్నీ అటక ఎక్కించమని నాకిచ్చాడు. రంగు పెన్సిళ్ళు అక్క చేతికిచ్చి, సామాన్ల చీటీలకు వాడుకోమన్నాడు. అక్క వాటిని వాడలేదు, చీరల పెట్టెలో పెట్టింది. ముప్పై ఒక్కేళ్ళలో తెలిసి సరిగ్గా రాసినవి ఎన్నో ఉంటాయి గదా అని నేను సర్దిచెప్పబోయాను. ఉంటాయిలే అన్నాడు. అవి ఎవరికీ గుర్తుండవని ఆయన అనలేదు, నాకే అనిపించి నోరు మూసుకున్నాను.

ఆరు నెలలయింది. నెల కిందట అంపైరు కర్ర లేకుండా నడవడం మొదలెట్టాడు. డాక్టరు తిరగమన్నాడని బావను తోడు రమ్మని, ఇద్దరూ సాయంత్రాలు కాలనీ వెనక మైదానానికి పోయి సిమెంటు బెంచీ మీద కూర్చుంటున్నారు. మొన్న నేనూ వెళ్ళాను. అక్కడ ఆఫీసు ఉద్యోగులేవో రెండు జట్లుగా ఆడుకుంటున్నారు. బావను ఆట చూడమని నేనే పోరాను, బతుకులో ఒక్క ఓవరైనా చూడు బావా అన్నాను. చూస్తానన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని నిటారుగా కూర్చున్నాడు. బౌలరు పరుగెత్తుకొచ్చాడు, బంతి వేశాడు, బ్యాటు చప్పుడైంది. నేను కూడా, క్రికెట్టంటే పడనివాణ్ణి, బంతి వెంట చూశాను. అది పొదల్లో పడింది.

తల తిప్పి చూద్దును గదా, బావ మైదానం వైపు చూడటం లేదు. పక్కన కూర్చున్న అంపైరు కొత్త మోకాలు కాస్త ఎత్తి, అరచేత్తో రుద్దుకుంటున్నాడు. బావ అతని వంకే చూస్తున్నాడు. కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది.

అంపైరు అది చూసి కాలు దించేశాడు. "నొప్పి లేదయ్యా," అన్నాడు మెల్లగా. "అలవాటు."

బావ చెయ్యి ఇంకా పైనే ఉంది. మా అక్క దించినట్టే నేను దాన్ని పట్టుకుని కిందికి దించాను. చాలా బరువుగా ఉంది.

"నాకూ అంతే," అన్నాడు బావ.